చిట్టి పుట్టినరోజుకు వచ్చిన గొరిల్లా

ఆ రోజుల్లో అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో పెళ్లికాని కుర్రాడంటే అక్కడి తెలుగు కుటుంబాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. సోఫా ఎత్తాలన్నా, ఎయిర్‌పోర్టు నుంచి ఎవరి అత్తగారినో తీసుకురావాలన్నా మాకే ఫోన్. (ప్రతిఫలం బిర్యానీ. అంతకు మించి అడిగే తెలివి నాకు లేదు.) అలాగే ఒక శనివారం ఆఫీసులో నా సీనియర్, మేమంతా అన్నయ్య అని పిలిచే ఆయన, ఫోన్ చేశాడు. "తమ్మీ, రేపు మా చిట్టి బర్త్‌డే. దానికి గొరిల్లాలంటే పానం. సూట్ రెంట్ చేసిన. నువ్వు అది ఏసుకొని బ్యాక్‌యార్డ్‌ల జర కూసుంటే చాలు."

కూర్చోవడమేమిటి, నాలో నటుడు లేచి నిలబడ్డాడు. గొరిల్లా గురించి నాకు తెలిసిందంతా ఇంగ్లీషు సినిమాల్లో చూసిందే. అక్కడ పాపం దానికి రెండే పనులు, గుండెలు బాదుకుంటూ గర్జించడం, హీరోయిన్‌ని చంకనేసుకుని ఎత్తయిన బిల్డింగు ఎక్కడం. అద్దం ముందు గంటసేపు గుండెలు బాదుకుని ప్రాక్టీస్ చేశాను. రూమ్మేట్ తొంగిచూసి, "ఏంట్రా, ప్రాజెక్ట్ పోయిందా?" అని పరామర్శించాడు.

మర్నాడు గరాజ్‌లోంచి గర్జిస్తూ దూకాను. గడ్డిలో పదిమంది పిల్లలు తలలు వంచుకుని, చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో సెలెరీ అనే ఆకుకూర కాడ ఒక్కోటి. అందరికంటే ముందు ఏడేళ్ల చిట్టి. అది చూసైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. చిట్టిని చంకనేసుకుని జారుడుబల్ల నిచ్చెన ఎక్కి, పైనుంచి మళ్లీ గర్జించాను. పిల్లలు లేచి కేకలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. చంకలో పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోందని వదిన పరుగెత్తుకొచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

సంగతి వదినే చెప్పింది. గొరిల్లాలు మెత్తనివి, ఆకులు తింటాయి, తమ మానాన తాముంటాయని చిట్టి క్లాసులో చెబితే అందరూ నవ్వారట. నవ్విన వాళ్లనే పిలిచి, ఇదిగో చూడండి అని చూపించాలనుకుందట. దానికోసం వాళ్లను అరగంట ముందే కూర్చోబెట్టి, గొరిల్లా ముందు ఎలా ఉండాలో నేర్పిందట.

గొరిల్లా తల తీసి చంకలో పెట్టుకుని చిట్టి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "సారీ చిట్టీ. మళ్లీ చేస్తాను, ఈసారి కరెక్ట్‌గా."

"నౌ నోబడీ విల్ బిలీవ్ మీ, అంకుల్," అంది కళ్లు తుడుచుకుంటూ. అంతలోనే నా మొహం చూసి జాలిపడ్డట్టుంది. "ఇట్స్ ఓకే. నీకు తెల్వదు కదా."

ఆ ఓదార్పు ముందు ఎన్ని తిట్లైనా నయం. తల తగిలించుకుని, గడ్డిలో కూర్చుని సెలెరీ నములుతూ ఉండిపోయాను. చిట్టి పక్కనే కూర్చుంది. మమ్మల్ని ఎవరూ చూడలేదు. పిల్లలంతా యార్డ్ నిండా గుండెలు బాదుకుంటూ, నాలాగే గర్జిస్తూ, ఒకరినొకరు తరుముకుంటున్నారు.

వెళ్లేటప్పుడు ఒక అంకుల్ నా భుజం తట్టి, "సూపర్ చేశావయ్యా, అచ్చం గొరిల్లానే. మావాడి బర్త్‌డేకి కూడా రావాలి," అన్నాడు. చిట్టి పక్కనే నిలబడి వింటోంది. నేను "థాంక్యూ అంకుల్" అన్నాను. అప్పుడైనా, కాదండీ, గొరిల్లా అలా ఉండదండీ, చిట్టి చెప్పిందే నిజం అని ఒక్క ముక్క అనొచ్చు కదా. ఇప్పుడు నా తల నెరిసింది. ఆ కుర్రాడిని తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, పూర్తిగా రాదు.