గోడ మీద విత్తనం

మొన్న గురువారం పొద్దున్నే మా ఆయన మేనకోడలు నాగాయలంక నుంచి బస్సులో వచ్చింది. వస్తూనే గుడ్డసంచి ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద బోర్లించింది. టమాటాలు! బజార్లో దొరికే నున్నటి కాయలు కావు, నేలకేసి కొట్టినా పగలని ఆ రకం కాదు. గుమ్మడికాయకి ఉన్నట్టు చుట్టూ నొక్కులు, పండినా తొడిమ చుట్టూ పోని పచ్చదనం, ఒక్కోటి ఒక్కో వంకర. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. "ఏంటత్తయ్యా, అలా చూస్తున్నారు? మన కాయలే, పప్పులో వెయ్యండి" అంది. కత్తిపీట ముందు కూర్చున్నానే గాని కొయ్యలేకపోయాను. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ కాయని ఈ ఇంట్లో లేకుండా చేసింది నేనే. అప్పటిదాకా ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

ఈ పిల్ల తల్లి మా వదినగారు, మా ఆయనకి అక్క. భర్త పోయాక, కూతురి పెళ్ళి కూడా చేసేసి, బందరులో మా దగ్గరికి వచ్చేసింది. ఆవిడ సామానంతా కలిపితే ఒక ట్రంకు పెట్టె, ఒక చిన్న రోలు, పాత చీర ముక్కలో మూటగట్టిన విత్తనాలు. ఆ విత్తనం దివిసీమలో వాళ్ళ అత్తగారి పెరటిది. టమాటా అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు, రామములక్కాయ అనేది. నేను సైన్సు టీచర్ని. ఆవిడకి ఏమీ తెలియదనీ, నాకు అన్నీ తెలుసుననీ ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం. పాఠం చెప్పగలను గాని పాదు తవ్వడం రాదు, అది వేరే సంగతి లెండి.

బందరులో టమాటా పెంచి చూసినవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రపు గాలి, చెమ్మ, బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఈ ఉక్కకి మనుషులమే మధ్యాహ్నానికి చతికిలబడతాం, మొక్కని అని ఏం లాభం? పొద్దున నిగనిగలాడింది సాయంత్రానికి తల వాల్చేస్తుంది, పూత పూసినట్టే పూసి రాలిపోతుంది. వదినగారి నొక్కుల కాయకి మాత్రం ఈ బాధలేవీ ఉండేవి కావు. కొంత ఆ రకం గొప్పతనం, కొంత ఆవిడది. వానలు వెనకబట్టాక నారు పోసేది. నీళ్ళు నిలవకుండా మట్టిని ఎత్తుగా దిబ్బ చేసి నాటేది. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు బిందెతో మోసుకొచ్చి మొదట్లోనే పోసేది, ఆకు మీద చుక్క పడితే ఊరుకునేది కాదు. నేలకి తగిలే ఆకులు గిల్లేసి, కింద వరిగడ్డి పరిచేది. ఇక పొద్దున ఎండ ముదరకముందు ఒక్కో పూలగుత్తి దగ్గరా ఆగి, వేలితో టక్కున మీటేది. "ఈ చెమ్మకి పుప్పొడి ముద్దయిపోద్దమ్మాయ్, మనమే కాస్త కదపాలి" అనేది. నేను స్కూలుకి తయారవుతూ కిటికీలోంచి చూసి నవ్వుకునేదాన్ని. తర్వాతెప్పుడో అదే సంగతి ఒక పుస్తకంలో చదివి క్లాసులో పిల్లలకి చెప్పాను, ఆవిడ మాట ఎత్తకుండా.

విత్తనం తియ్యడం ఇంకో పెద్ద తతంగం. రెండో గుత్తిలో మంచి కాయ చూసి ఎర్రదారం కట్టేది. ఇక దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఒకసారి మా ఆయన చూసుకోకుండా దాన్ని కోసుకుని ఉప్పద్దుకుని తినేస్తే, రెండు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. కాయ బాగా మెత్తబడ్డాక గుజ్జు పిండి, మట్టి మూకుట్లో రెండు రోజులు పులవనిచ్చి, కడిగి, బూడిద కలిపి, ఆవుపేడలో పెట్టి వంటింటి వెనక గోడకి కొట్టేది. పైన మూడు వేళ్ళతో నొక్కేది. ఆ పేడబిళ్ళ మీద ఆవిడ మూడు వేళ్ళ గుర్తులూ మళ్ళీ నారు పోసేదాకా అలాగే ఉండేవి.

ఆ ఏడు చైత్రంలో ఈ పిల్లకి పురుడొచ్చింది. న్యాయంగా తల్లి ఉన్న ఇంటికే రావాలి. ఇంట్లో చోటు చాలదని నేను గొణిగాను గనక, వదినగారే నాగాయలంక బయల్దేరింది. రిక్షా ఎక్కబోతూ ఆగి, "గోడ మీద విత్తనం ఉందమ్మాయ్, జల్లు కొట్టకుండా కాస్త చూస్తూండు" అంది. "అలాగేనండీ వదినగారూ, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాను. ఎంత చక్కగా అన్నానో!

జూన్‌లో నాకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇంక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. స్టాఫందరినీ భోజనానికి పిలిచాను. ఇంటికి లేత ఆకుపచ్చ డిస్టెంపరు వేయించాను. చేతులు కడుక్కోవడానికి అందరూ వెనక్కే వెళ్ళాలి, అక్కడ గోడ మీద పేడబిళ్ళ. రంగులేసే అతను దాని దగ్గర ఆగి, "ఇదేంటండీ అమ్మగారూ? గీకెయ్యమంటారా, చుట్టూ వదిలేసి వెయ్యమంటారా?" అని అడిగాడు. పాపం, రెండు దారులూ చూపించాడు. మర్చిపోయి గీకించానని చెప్పుకుంటే నాకిప్పుడు ఎంతో తేలిగ్గా ఉండేది. మర్చిపోలేదు. వదినగారి మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కొత్త హెడ్‌మిస్ట్రెస్ ఇంట్లో గోడకి పేడేమిటని నలుగురూ నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. టమాటా విత్తనాలేగా అనుకున్నాను. "గీకెయ్యి" అన్నాను. ఒక్క గీకుకి ఊడిపోయింది. భోజనాలకొచ్చినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు గోడ వంక చూడలేదు.

శ్రావణంలో వదినగారు వచ్చేస్తున్నట్టు కబురొచ్చింది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. బందరులో కొంటే ఎవరైనా చూస్తారని పని కట్టుకుని గుడివాడ వెళ్ళి టమాటా విత్తనాల ప్యాకెట్ కొన్నాను. ఇంటికొచ్చి చింపితే ఏముంది, విత్తనాలన్నీ గులాబీ రంగు! పురుగు పట్టకుండా మందు పూస్తారట. నాలుగు నీళ్ళలో కడిగాను, నా వేళ్ళకి అంటింది గాని వాటికి పూర్తిగా వదల్లేదు. బూడిద దండిగా కలిపాను. పాలవాళ్ళ పాకలోంచి పేడ తెచ్చాను. జన్మలో పేడ ముట్టనిదాన్ని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, అదే చోట బిళ్ళ కొట్టి, మూడు వేళ్ళతో నొక్కాను కూడా. దొంగతనానికి అంత శ్రద్ధ! ఆ శ్రద్ధలో పావు వంతు ముందే చూపించి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

వదినగారు వచ్చింది. "రంగేయించావే, ఇంటికి వెలుగొచ్చిందమ్మాయ్" అంది. ఆశ్వయుజంలో నారు పోసేరోజు గోడ దగ్గరికి వెళ్ళి బిళ్ళ ఊడదీసింది. నేను పక్కనే ఉన్నాను. బిళ్ళ కింద పాత సున్నం ఉండాలి కదా? లేత ఆకుపచ్చ రంగు ఉంది. అంత చదువుకున్న నాకు ఆ ముక్క తట్టనే లేదు. వదినగారు ఆ రంగుని బొటనవేలితో ఒకసారి రుద్ది చూసింది. ఆవిడ నా మొహం వైపు తిరగలేదు. "జాగ్రత్తగా ఉంచావమ్మాయ్" అని, బిళ్ళని చేతిలో నలుపుకుంటూ మడి దగ్గరికి వెళ్ళిపోయింది. హమ్మయ్య, గమనించలేదు అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావాలి.

కాయలొచ్చాయి. గుండ్రంగా, నున్నగా, అన్నీ ఒకే సైజు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "అదేంటండీ, ఈసారి నొక్కులేవండీ?" అంది. వదినగారు తాపీగా, "నేల మారితే కాయ మారద్దాండీ? మా మరదలు కాపాడింది కాబట్టి ఈ మాత్రమైనా దక్కాయి" అంది. శివరాత్రి వచ్చేసరికి మొక్కలన్నీ నిలువునా వాడిపోయాయి. అయినా మిగిలిన కాయల్లో ఒకదానికి ఎర్రదారం కట్టి, విత్తనం తీసి, గోడకి కొట్టింది. మరుసటేడు కాయలు తలో రకంగా కాశాయి. ఆ పైయేడు ఇంకా చిన్నవయ్యాయి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, ఏడేళ్ళు, ఆ పనికిమాలిన మొక్కలకే దిబ్బలు కట్టింది, నీళ్ళు మోసింది, పొద్దున్నే పూలగుత్తులు మీటింది. ఆవిడ పోయాక మడి మీద సిమెంటు చేయించాం.

మొన్న ఆ కాయలు ముందేసుకుని కూర్చుని, "ఇవి మీకెక్కడివే?" అని అడిగాను మేనకోడల్ని.

"అమ్మ నా పురిటికి వచ్చినప్పుడు తెచ్చిందిగా అత్తయ్యా, మూటలో గుప్పెడు. అప్పటినుంచీ వేస్తూనే ఉన్నాం. మరుసటేడు అమ్మ వస్తే మీకని విత్తనం కట్టిచ్చాను కూడా. పట్టుకెళ్ళలేదు. మూట విప్పి మళ్ళీ నా డబ్బాలోనే పోసేసింది."

"ఎందుకట?"

"ఏమో! 'అక్కడ మీ అత్త ఉంచిన విత్తనం ఉంది, అది వేసుకుంటున్నాను. ఇది పట్టుకెళ్తే ఆ పిల్ల తలెత్తుకోలేదు, వద్దులే' అంది. నాకేం అర్థం కాలేదు."

నాకు అర్థమైంది. ఆ మూటతో బస్సెక్కి వస్తే చాలు, ఆవిడ కాయ ఆవిడకి దక్కేది. నాకు తలవంపులవుతుందని ఏడేళ్ళు నా దొంగ విత్తనాన్ని ఆవిడ సాకింది. నేనేమో ఆవిడని నమ్మించేశానని, పైగా ఆవిడ అమాయకత్వానికి జాలిపడుతూ, ఇన్నేళ్ళు బతికాను. ఛీ, నా తెలివి తగలెయ్య! అప్పుడు చెప్పాను మేనకోడలికి. రంగులేసే అతను అడిగిన మాట, నేనన్న మాట, గుడివాడ ప్యాకెట్, అన్నీ. చెప్తూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోండత్తయ్యా, టమాటా విత్తనాలకేనా ఇంత బాధ?" అంది, ఓదార్చడానికే.

అచ్చం ఆ రోజు నేను అనుకున్న మాట.

ఒక కాయ పప్పులో వెయ్యకుండా పక్కన పెట్టాను. గుజ్జు పులిసింది, కడిగాను, బూడిద కలిపాను. నిన్న వెనక గోడకి కొట్టి మూడు వేళ్ళతో నొక్కాను. మా ఆయన చూసి ఇదేమిటన్నాడు, అక్కగారి విత్తనం అని, అంతా చెప్పేశాను. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి, బిళ్ళ అంచు ఊడకుండా అరచేత్తో అదిమాడు. ఈ ఎండకి బిళ్ళ నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. ఒక్క మాట చెప్పడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది, అదీ వినాల్సిన మనిషి వెళ్ళిపోయాక.