మేస్త్రి కాల్చిన వైకింగు రొట్టె

నేను పనికొచ్చిన అరబ్బు ఊరు రుస్తాఖ్‌లో ఒక శుక్రవారం డ్యూటీ లేక ఫోన్ చూస్తున్నాను. పూర్వం ఓడల్లో తిరిగిన వైకింగులు బార్లీ పిండి రొట్టెను కట్టెల మంట మీద కాల్చుకునేవారట.

"పిండి, ఉప్పు, నీళ్లు. గంతే గదా భాయ్, మనం గూడ చేద్దాం," అన్నాను, నా రూమ్‌లో ఉండే హైదరాబాదీతో.

"నువ్వు మేస్త్రివి అన్నా. రొట్టెలు నీతోని కావు," అన్నాడతను.

నాకు మండింది. ఇరవై ఏళ్లుగా గోడలు లేపుతున్నవాణ్ణి, ఇంత పిండి ముద్దకు లొంగుతానా? రూమ్ వెనక మంట వేసి, పైన ఇనప రేకు పెట్టాను. పిండిని అంగుళం మందాన పరిచి, కడిగిన కొత్త తాపీతో చదును చేసి, అంచులు దిద్దాను. గోడ మట్టం చూసే రసమట్టం కూడా పెట్టి చూశాను. గట్టిగా కాలాక నీళ్లు చల్లి, తడి గోనెపట్టా కప్పాను.

"గదేంది?" అన్నాడు భాయ్.

"క్యూరింగ్," అన్నాను. ఆ మాట అన్నాకగానీ, సిమెంటు గోడను తడిపినట్టు రొట్టెను తడిపానని నాకు తెలియలేదు. అయినా తగ్గలేదు.

గంట తర్వాత పట్టా తీశాను. భాయ్ ఒక ముక్క కొరికి, దవడ పట్టుకుని కూర్చున్నాడు.

"చూడు భాయ్, ఎక్కడన్న పగులుందా?" అన్నాను గర్వంగా.

"ఉన్నది," అన్నాడు. "నా పంటికి."