ఒక మనిషి తగ్గితే

మేనత్త తనకు అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడే నాన్న పేరు మీద దరఖాస్తు పెట్టింది. అప్పుడు నేను ఒకటో తరగతి, తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు. తోబుట్టువుల వంతు రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందని ముందే చెప్పింది గనక, పర్చూరు దగ్గర మా ఊళ్లో మిరపా పొగాకూ వేసుకుంటూ ఆ సంగతి దాదాపు మర్చిపోయాం. వంతు వచ్చిందని కబురందేసరికి నాకు ఇరవై నాలుగు నిండాయి. చీరాలలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతున్నాను.

ఇంట్లో ఇంగ్లీషు కాగితాలు చదవగలిగింది నేనే. పనంతా నా మీద పడింది.

వచ్చేవాళ్లను పోషిస్తామని అత్త హామీపత్రం రాసివ్వాలి. దానికి ఆవిడ పన్ను రిటర్నులు, జీతం స్లిప్పులు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఉత్తరం జతచేయాలి. ఒక్కో కాగితం ఫోన్లో పంపేది. స్కూలు అయ్యాక జెరాక్స్ షాపులో ప్రింట్లు తీయించి వరసలో పెట్టేదాన్ని. అత్త ఒక ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. ఆసుపత్రి అని మాత్రమే చెప్పేది ఇన్నాళ్లూ. ఆ జీతం స్లిప్పులూ వరసలో పెట్టేశాను.

అత్త ఇంట్లో ముగ్గురు, మేం నలుగురం. ఏడుగురికి చాలేంత ఆదాయం చూపించాలి. అత్తదీ మామయ్యదీ కలిపినా కొంచెం తగ్గింది. ఇంకొకరెవరైనా తోడుగా హామీ సంతకం పెట్టాలన్నాడు అత్త పెట్టుకున్న లాయరు. అత్త తెలిసినవాళ్లందరినీ అడిగింది. పొలం పక్కవాళ్ల అల్లుడు అక్కడే ఉన్నాడని నాన్న వాళ్లింటికి వెళ్లి గుమ్మంలో నిలబడి అడిగొచ్చాడు.

"ఏమన్నారు నాన్నా?"

"ఆలోచించి చెప్తామన్నారమ్మా," అన్నాడు కండువాతో మొహం తుడుచుకుంటూ. ఆ తర్వాత వాళ్లు నాన్న ఫోను ఎత్తలేదు.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు పొద్దున్నే అత్త ఫోను చేసింది. అమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తోంది. నాన్న స్పీకరు పెట్టమన్నాడు.

"అన్నయ్యా, ఇంకెవర్నీ అడగక్కర్లేదు. మా జీతాలే సరిపోతాయి!" అంది అత్త. గొంతులో ఎంత సంతోషమో.

"ఎట్టా సరిపోయినయ్యే?"

లాయరు చెప్పిన సంగతి అత్త చెప్పింది. ఇరవై ఒకటి దాటిన పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లడానికి లేదట. దరఖాస్తు పరిశీలనలో పోయిన కాలాన్ని నా వయసులోంచి తీసేసినా అయిదు నెలలు ఎక్కువే ఉన్నాయట. లాయరు రెండుసార్లు చూశాడట. ఏడుగురు కాదు, ఆరుగురే.

"అమ్మాయ్, నువ్వు అక్కడే ఉన్నావా?" అంది చివరికి.

"ఉన్నానత్తా," అన్నాను.

అమ్మ చేతులకు కారం అంటుకుని ఉంది, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేక అలాగే నిలబడింది. "ఎవరమూ వెళ్లొద్దు," అంది. నాన్న కూడా రెండ్రోజులు అదే మాట అన్నాడు. మూడోరోజు తమ్ముడి చదువు సంగతి ఎత్తాడు. తప్పేమీ లేదు. నేనే వాళ్లకి నచ్చజెప్పాను. నచ్చజెప్పేటప్పుడు ఎవరైనా నాకు అడ్డుపడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఎవరూ అడ్డుపడలేదు.

హామీపత్రంలో ఏడు కొట్టేసి ఆరు వేసి, మళ్లీ టైపు చేసి అత్తకు సంతకానికి పంపింది నేనే. లెక్కల టీచర్ని కదా, లెక్క తప్పలేదు.

వీసా ఇంటర్వ్యూకి ముంబైలో అమెరికా కాన్సులేటుకి వెళ్లాం. కాగితాలు ఎక్కడున్నాయో నాకే తెలుసు గనక నన్నూ తీసుకెళ్లారు. గేటు దాకా ఫైలు మోసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టాను. నన్ను లోపలికి రానివ్వరు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఎండలో నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక ముగ్గురూ బయటికొచ్చారు.

"ఇచ్చేశారక్కా," అన్నాడు తమ్ముడు, నా మొహం చూడకుండా.

"ఏమడిగారు?"

"పిల్లలెంతమంది అన్నారు. నాన్న ఇద్దరన్నాడు. రెండోవాళ్లెక్కడ అంటే, బయట ఉందండీ అన్నాడు."

నాన్న అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మిరపకోతలు అయ్యాక వాళ్లు వెళ్లిపోయారు. పొలం కౌలుకిచ్చారు. నేను చీరాలలో ఇంకో టీచరుతో కలిసి గదిలో ఉంటున్నాను. అక్కడికెళ్లగానే నాన్న నా పేరు మీద కొత్త దరఖాస్తు పెట్టాడు. వంతు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఒకసారి చూశాను. మళ్లీ చూడలేదు. ఈలోగా పెళ్లి చేసుకుంటే ఆ దరఖాస్తు చెల్లదట. అంతకుముందు వారానికో సంబంధం తెచ్చే అమ్మ, ఇప్పుడు ఫోన్లో ఆ ఊసెత్తదు. నేనే ఒకసారి ఎత్తితే, "ఇప్పుడప్పుడే ఎందుకులేవే," అని వేరే మాటలోకి పోయింది.