గంజి వదిలిన పొర

తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి నెల దాటింది. ఇంకో వారంలో తిరుగు ప్రయాణం. ఆ రోజు పొద్దున్నే, తన భార్య ఉంటున్న కోరుట్లలో బస్సెక్కి, జగిత్యాలలో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీకి వచ్చి, సంచిలోంచి మూత బిగించిన డబ్బీ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఒంటికి పోతే నురుగొస్తుంది. కాళ్లు ఉబ్బుతున్నయ్. నీ మిషన్ల ఏసి చూడు."

"దవఖానకు పోరాదు? నేనేమన్న డాక్టర్నా?"

"దవఖాన్ల కాయిదం మీద రాస్తరు. గా కాయిదం కంపెనీ దాకా పోతే నన్ను మళ్ల రానిస్తరా?"

నా దగ్గర ఉన్నది మిషను కాదు, మూడేళ్లుగా నన్ను ఏడిపిస్తున్న ఒక పొర. గోరంత ఎలక్ట్రోడు మీద, కంటికి ఆనని పలుచని పాలిమర్‌ను పెంచుతాను. పెరిగేటప్పుడే అందులో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కలుపుతాను. తర్వాత దాన్ని కడిగేస్తే, అది ఉన్న చోట దాని ఆకారంలోనే గుంటలు మిగులుతాయి. మళ్లీ అదే ప్రోటీన్ తగిలితే పోయి ఆ గుంటల్లో కూర్చుంటుంది, తెర మీద కరెంటు గీత కిందికి పడుతుంది. కిడ్నీలు బాగుంటే మూత్రంలో ఆ ప్రోటీన్ దాదాపు ఉండదు.

వాడి డబ్బీలోంచి మూత్రం చుక్క వేశాను. చూస్తే గీత అట్టడుగున ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పోవద్దురా," అన్నాను.

"ఏంది పోవద్దు? ఇల్లు సగంల నిలవడ్డది. నీ ప్రయోగాలకు నేనే దొరికిన్నా?" అని తలుపు ధడేల్మనిపించి పోయాడు.

సాయంత్రం సిరిసిల్ల నుంచి అమ్మ ఫోను. "వాన్ని ఏమన్నవే? బువ్వ ముడుతలేడట!"

ఒళ్లు మండింది. వాడి మీద, అమ్మ మీద, అందరి మీదా. ఆ మంటతోనే మరునాడు, ముందురోజు వాడినదానితో పాటే తయారైన ఇంకో పొర తీసి, ఏ ప్రోటీనూ లేని ఉత్త ఉప్పునీళ్లు వేశాను. గీత అక్కడా కిందే ఉంది.

అయ్యో నా మొహం మండ! ముందు ఉత్త నీళ్లు వేసి చూడండర్రా అని పిల్లలకు రోజూ నూరిపోసేదాన్ని. తమ్ముడు ఎదురుగా కూర్చునేసరికి అదే మరిచాను. ఆత్రగాడికి బుద్ధి మట్టం అని ఊరికే అనలేదు. సరిగా కడగక, నేను కలిపిన ప్రోటీనే ఆ గుంటల్లో కదలకుండా కూర్చుంది.

వెంటనే వాడికి ఫోన్ చేశాను. మాది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు, ఆ మాటల్లోనే చెప్పాను. "కొత్త బట్ట గంజి వదలక ముందు నీళ్లు గుంజదు గదరా. నా పొరకు గంజి మిగిలింది. నిన్న నేను చూసింది తప్పు."

"అంటే నాకేం లేదా?"

"లేదని అన్లే. మళ్ల చూస్త. నువ్వు దవఖానకు కూడా పో."

వాడికి మొదటి సగమే వినిపించింది. పక్కనుంచి మరదలి నవ్వు నాకు వినిపించింది.

మూడు రోజులు కడిగాను. ఉత్త నీళ్లు వేస్తే గీత కదల్లేదు. నా మూత్రమే వేసి చూశాను, కదల్లేదు. అప్పుడు తమ్ముణ్ణి రమ్మన్నాను. నవ్వుకుంటూ వచ్చి కొత్త డబ్బీ ఇచ్చి, సూట్‌కేసు కొనాలని బజారుకు పోయాడు.

వాడిది వేశాను. గీత పడింది. ఇంకో పొర తీసి వేశాను. అదీ పడింది. ఎంత తిట్టుకున్నానో ఆ గీతను. ఈసారి కూడా తప్పు నాదే కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

కొత్త సూట్‌కేసు దొర్లించుకుంటూ వాడు లోపలికి వచ్చాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇంకోసారి కడుగు అక్కా," అన్నాడు మెల్లగా. "గంజి మిగిలిందేమో."

"లేదు తమ్మీ. ఈసారి మొత్తం పోయింది."

వాడు సూట్‌కేసును నా బల్ల కిందికి నెట్టాడు. ఇద్దరం దవఖానకు నడిచాం. చీటీ రాసే కిటికీ దగ్గర వాడి పేరు వాడే చెప్పాడు.