సేటు సమోసాలు, మేనల్లుడి పుట్టెంట్రుకలు

ఆ రోజుల్లో సెలవు అడగడమంటే నాకు మా సేటును ఆయన కూతురినిమ్మని అడిగినంత భయం (ఆయనకు కూతుళ్లు లేరు, అది వేరే సంగతి). బోధన్‌లో ట్రాక్టర్ విడిభాగాల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. ఉన్నది సేటు, నేను, అంతే. వరికోతలు మొదలైతే ఊపిరాడదు. బెల్టు తెగిందని ఒకరు, బేరింగు పోయిందని ఒకరు కౌంటరు మీద పడతారు. సేటేమో జ్వరమొచ్చినా మఫ్లర్ చుట్టుకొని వచ్చి కూర్చునే రకం. అలాంటి మనిషి ముందు నిలబడి 'రేపు రాను' అనడానికి నోరెట్లా వస్తుంది?

సరిగ్గా కోతల్లోనే మోస్రాలో మా అక్క కొడుక్కి పుట్టెంట్రుకలు పెట్టుకున్నారు. పిల్లాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకొని మొదటి కత్తెర వేయాలి. వాడికున్న ఒక్కగానొక్క మేనమామను నేనే. అక్క రోజూ ఫోను చేసేది.

"అడిగినవా తమ్మీ?"

"అడుగుత అక్కా."

"ఎప్పుడడుగుతవ్‌రా? నువ్వు రాకుంటే కత్తెర వట్టనియ్య. నా కొడుకు జడేసుకొని బడికి వోతడు, నీ ఇష్టం!"

అన్నంత పనీ చేసే మనిషి మా అక్క.

ముందు సేటును మంచి చేసుకొని, ఆ తర్వాత మెల్లగా అడుగుదామనుకున్నాను. సేటు కంటే ముందే వెళ్లి దుకాణం ఊడ్చాను, ఆయన కుర్చీ తుడిచాను, దేవుడి పటాలకు పూలు పెట్టాను, అడగకముందే చాయ్ తెచ్చాను. సేటు నన్ను ఎగాదిగా చూసి, మర్నాటి నుంచి నాకు సమోసాలు తెప్పించడం మొదలుపెట్టాడు. "తిను బిడ్డా, బక్కగైనవ్" అనేవాడు. ఎన్నడూ లేనిది ఫ్యాను కూడా నా వైపు తిప్పాడు. ఓరి దేవుడా! ఇంత మంచి మనిషిని కోతల్లో ఒక్కణ్ని వదిలేసి ఎట్లా పోను? సమోసా గొంతు దిగేది కాదు. ఆ బాధకు ఇంకాస్త ఎక్కువ పని చేసేవాణ్ని. నేను ఎంత చేస్తే ఆయన అంత పెట్టేవాడు.

చివరికి పుట్టెంట్రుకలు రేపనగా, నేను ఆయన స్కూటరు కడుగుతుంటే సేటుకు ఓపిక నశించింది.

"ఇగ సాలు తీయ్‌రా! నిజం జెప్పు. ఎదురు దుకాణపోడు నిన్ను పిలిచిండా?"

తడిగుడ్డ బకెట్లో పడేసి లేచాను. "లేదు సేటూ! రేపు మా అక్క కొడుకు పుట్టెంటికలు. రెండు రోజులు సెలవు గావాలె..."

"గింతేనా?" సేటు మెట్ల మీద కూలబడ్డాడు. "వారం సంది నిద్రవోతలేనురా నేను! పని ఇడిసిపెట్టి పోయెటోడు గిట్లనే మంచిగ జేసి పోతడని ఒకటే బుగులు. మేనమామ లేకుంటే కత్తెరెట్ల వడ్తది, గా మాత్రం ఎరుక లేదా నాకు? పో, మూడు రోజులు పో! సమోసాలన్న మిగుల్తయ్ నాకు."

గుండె మీది నుంచి బస్తా దించినట్టయింది. మర్నాడు మేనల్లుడు కత్తెర పడగానే ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, నా కొత్త ప్యాంటు తడిపేశాడు. "అడగంది అమ్మన్న వెట్టదు తమ్మీ" అని అక్క ఒకటే నవ్వు. నేనూ కడుపారా నవ్వాను.

ఇప్పుడు నాదే ఒక చిన్న దుకాణం. మొన్న అదే మేనల్లుడి ధోతీ ఫంక్షన్‌కని, మళ్లీ కోతల్లోనే, షట్టర్ దించుతుంటే "పోయొస్త సేటూ" అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. లోపల ఉన్నది నా ఖాళీ కుర్చీ ఒక్కటే. "పో, మూడు రోజులు పో" అని నాకు నేనే చెప్పుకొని తాళం వేశాను.