నిలబడితేనా, పరిగెడితేనా?

ముందే నా తప్పు ఒప్పేసుకుంటాను. లేకపోతే మా మేనత్త ఇది చదివి, చెవి మెలిపెట్టి మరీ ఒప్పిస్తుంది. ముప్పై ఏళ్ళలో ఆమె బాగుచేసిన బండి ఏదీ అదే జబ్బుతో మళ్ళీ షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి తొక్కింది. అదీ నా పుణ్యమే.

వీధిలో అందరికీ ఆమె స్పానరత్త. నాకు మాత్రం నిజంగానే అత్త, నాన్నకి అక్క. షెడ్డు పెట్టింది మామయ్య. ఆయనకి నోట్లో ఉన్నంత పనితనం చేతిలో ఉండేది కాదు. నడుం పట్టేసి కుర్చీకి అతుక్కుపోయాక, ఆయన చెప్తుంటే ఈమె చెయ్యడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఆయన చెప్పేది ఒకటి, ఈమె చేసేది ఇంకొకటి. బండ్లు ఈమె మాటే వినేవి. "నేను చెప్పినట్టే చేశావు కదూ?" అని ఆయన మీసం దువ్వుకుంటూ అడిగితే, "ఆఁ, మీరు చెప్పినట్టే" అనేది. మామయ్య పోయేదాకా ఆ కాపురం అలాగే చల్లగా సాగింది.

ఇప్పుడా షెడ్డు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా నా ముక్కు దానంతటదే డీజిల్ వాసన వెతుక్కుంటుంది. పైకప్పు రేకులకి చిల్లులుండేవి. వాటిలోంచి నేల మీద పడే ఎండ బిళ్ళలు మెల్లగా జరుగుతుంటే, అత్త వాటిని చూసి టైం చెప్పేది. గడియారం కొనమంటే, "అది ఆగిపోతే మళ్ళీ నేనే విప్పాలి" అనేది. గోడకి స్పానర్లు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా బడిపిల్లల్లా వరసగా ఉండేవి. నేను ఊరికే ఉండలేక రెండింటిని అటూ ఇటూ మార్చేవాణ్ణి. ఆమె తలెత్తకుండా చెయ్యి చాపి, తడిమి, "కోతి వెధవా" అని మళ్ళీ సర్దేది.

వేడెక్కే బండి ఏది వచ్చినా, బానెట్ ఎత్తకముందే డ్రైవర్ని ఒకటే అడిగేది. "నిలబడితేనా, పరిగెడితేనా?"

ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, రోడ్డెక్కితే చల్లబడుతోందంటే గాలి చాలట్లేదని అర్థం. ఫ్యాన్ సంగతి చూడాలి. పరిగెత్తేటప్పుడు వేడెక్కుతోందంటే నీళ్ళు సరిగ్గా తిరగట్లేదని. రేడియేటరో, వేడెక్కితే తెరుచుకుని నీళ్ళకి దారిచ్చే థర్మోస్టాటో చూడాలి. "బండి సగమే చెప్తుందిరా. మిగతా సగం దాంతో కాపురం చేసేవాడే చెప్పాలి" అనేది.

ఇది ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను ఫోన్లో వీడియోలు చూసి మెకానిక్ అయిపోయిన బాపతు. ఓ మధ్యాహ్నం అత్త భోజనానికి వెళ్ళినప్పుడు స్కూలు వ్యాన్ డ్రైవర్ వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"అక్కతో చెప్పు. గేటు దగ్గర పిల్లల కోసం ఆగానంటే వేడి ముల్లు ఆకాశానికి పోతోంది. బండి కదిలితే దిగిపోతోంది. మర్చిపోవు కదా?"

"నేనా, మర్చిపోవడమా!" అన్నాను.

మర్చిపోలేదు. అంతకంటే ఘనకార్యం చేశాను. ఆ వారమంతా నేను చూసినవి థర్మోస్టాట్ వీడియోలే. కనక ఆ వ్యాన్‌కి పోయింది థర్మోస్టాటే అని, వ్యాన్ ముఖం చూడకముందే తేల్చేసుకున్నాను. అత్త వచ్చి తన ప్రశ్న అడిగింది.

"పరిగెడితేనంట అత్తా. నాకైతే థర్మోస్టాట్ అనిపిస్తోంది" అన్నాను, గడ్డం గోక్కుంటూ.

జీవితంలో ఒక్కసారి ఆమె నోట "నువ్వన్నదే నిజంరా" అనిపించుకోవాలని, అంతే. డాక్టరు మెప్పు కోసం రోగి జబ్బునే మార్చి చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

అత్త థర్మోస్టాట్ విప్పి, ఇంట్లో పాలు కాచే గిన్నెలో నీళ్ళు పోసి, అందులో వేసి మరగబెట్టింది. నా అదృష్టమో దురదృష్టమో, అది పాతది. కాస్త బద్ధకంగా తెరుచుకుంది. "పర్లేదురా, నువ్వన్నదే నిజం" అంది. కొత్తది వేసి, ఊరి బయటి దాకా వ్యాన్ పరిగెత్తించింది. ముల్లు కదల్లేదు. పరిగెడితే ఎందుకు కదుల్తుంది? నేను మాత్రం మూడు రోజులు కాలరెత్తుకుని తిరిగాను.

నాలుగో రోజు బడి గేటు ముందు వ్యాన్ పొగలు కక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారట. దాన్ని తాడు కట్టి, మెయిన్ రోడ్డు మీద నుంచి అందరూ చూస్తుండగా షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. "మళ్ళీ అదే అక్కా" అని ఒక్క మాట అని, పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలని డ్రైవర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఎదురు టీకొట్టులో అప్పుడే మొదలైంది. "స్పానరత్త బండి తిరిగొచ్చిందంటరోయ్!"

అత్త ఆ రోజు ఇంకే బండీ ముట్టలేదు. స్టూలు మీద కూర్చుని అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"చెయ్యి పోయిందేమోరా నాకు" అంది. "ఎవడి ప్రాణం మీదికో తేకముందే షెడ్డు మూసేస్తే మేలు."

ఆమె కేకలేసినా నేను తట్టుకునేవాణ్ణి. ఆ చేతులు అలా చూసుకోవడం తట్టుకోలేకపోయాను. నిజం చెప్పే ధైర్యమూ లేదు. అందుకే మర్నాడు ఆమె కంటే ముందే వచ్చి, గుట్టుచప్పుడు కాకుండా ఫ్యాన్ క్లచ్ మార్చేద్దామనుకున్నాను. ఇంజన్ వేడిని బట్టి ఫ్యాన్‌ని పట్టుకునీ వదిలీ నడిపే బిళ్ళ అది. పెద్ద నట్టుతో వాటర్ పంపు ఇరుసుకి బిగించి ఉంటుంది. ఎడమకి తిప్పితే ఏ నట్టైనా వదులవుతుందని లోకమంతా చెప్పే మాట కదా! ఇనప గొట్టం తగిలించి, దానికి వేలాడి, చివరికి కాలితో తన్ని తిప్పాను. గంటసేపు. అది ఇసుమంతైనా కదల్లేదు. నా అరచెయ్యి మాత్రం బొబ్బలెక్కింది.

వెనక టీ గ్లాసు చప్పుడైంది. "ఎంతసేపట్నించి బిగిస్తున్నావురా?"

"బిగించట్లేదత్తా, విప్పుతున్నా."

"ఆ ముక్క నట్టుకి చెప్పావా?"

ఆమె దగ్గరకొచ్చింది. ఒకసారి నట్టు వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"అది సరే. పరుగులో వేడెక్కే బండికి ఫ్యాన్ ఎందుకు విప్పుతున్నావ్?"

తేలు కుట్టిన దొంగనైపోయాను. ఇక దాచి లాభం లేదు. డ్రైవర్ చెప్పింది, నేను చెప్పింది, వీడియోలు, అన్నీ కక్కేశాను. ఆమె చల్లగా ఉన్న ఫ్యాన్ రెక్కని వేలితో ఒక్క తోపు తోసింది. ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగాల్సింది, పిల్లల గాలిచక్రంలా గిర్రున తిరుగుతూనే ఉంది. లోపలి నూనె కారిపోయి, క్లచ్ చుట్టూ నల్లటి జిడ్డు కట్టింది.

"అంటే నా చెయ్యి పోలేదన్నమాట" అంది. ముఖం విప్పారింది. ఆ తర్వాతే మొట్టికాయ పడింది, తల దిమ్మెక్కేలా.

"ఇలా చూడు. ఫ్యాన్ ఎటు తిరుగుతుంది? ఇటు. గాలి దాన్ని ఎటు తోస్తుంది? వెనక్కి. రోజూ ఆ తోపుడుకి నట్టు బిగుసుకోవాలి గానీ ఊడిపోకూడదు కదా. అందుకని మరలు తిరగేసి కోస్తారు. విప్పాలంటే ఫ్యాన్ తిరిగే వైపే కొట్టాలి."

నట్టు మీద కిరసనాయిలు చిలకరించి, తీరిగ్గా టీ తాగింది. పంపు పుల్లీకి పాత బెల్టు చుట్టి నా చేతికిచ్చి, "వదిలావో, నీ పళ్ళు రాలతాయ్" అంది. స్పానర్ తగిలించి సుత్తితో ఒక దెబ్బ, రెండు, మూడు. వేలాడ్డాలు లేవు, తన్నడాలు లేవు. మూడో దెబ్బకి టక్కుమని వదిలేసింది. ఆ టక్కు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కొత్త క్లచ్ వేశాక వ్యాన్‌ని షెడ్డు ముందే అరగంట నిలబెట్టింది. వేడెక్కగానే ఫ్యాన్ హోరుమని అందుకుంది. ముల్లు సగంలో బుద్ధిగా ఆగిపోయింది. సాయంత్రం డ్రైవర్ వస్తే, టీకొట్టు జనమంతా వింటుండగా అత్త గట్టిగానే చెప్పింది.

"తప్పు నాదే తమ్ముడూ. నేనే సరిగ్గా కనుక్కోలేదు. ఇంక రాదు."

రాలేదు. షెడ్డు ఇంకో ఆరేళ్ళు నడిచింది. ఆ సాయంత్రం వ్యాన్ వెళ్ళిపోయాక మాత్రం నేను ఉండబట్టలేక అడిగేశాను.

"నా పేరు చెప్పొచ్చు కదత్తా. అంతమందిలో నీ పేరు చెడగొట్టుకోవడం ఎందుకు?"

ఆమె గుడ్డతో వేళ్ళ సందుల్లో జిడ్డు తుడుచుకుంటూ, తలెత్తకుండానే అంది.

"చెడగొట్టుకోడానికైనా ముందు ఒక పేరంటూ ఉండాలి కదరా నీకు!"