విల్లు వీపు మీద గాజుపెంకు

నా చిన్నప్పుడు నేను ముక్కు మూసుకోకుండా దాటలేని స్థలం ఒకటుండేది. అమ్మమ్మగారి ఊళ్ళో గొడ్లసావిడి వెనక, గోడ నీడలో ఉన్న నల్లటి బండరాయి అది. మా మావయ్య చేలకు కాపలా ఉండే ముసలాయన ఆ రాతి మీద కూర్చుని విల్లు చేసేవాడు. పిల్లలమంతా ఆయన్ను కాపలా తాత అని పిలిచేవాళ్ళం. పిలిచేది మాత్రం నాలుగు గజాల దూరం నుంచే.

డెబ్భైల నడుమ సంగతి. నాకు పదకొండేళ్ళు. దసరా సెలవులకు నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లులో దిగి, అక్కడి నుంచి ఎద్దుబండిలో ఊరు చేరాం. వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడుతున్న రోజులు. గుట్టల మీది నుంచి అడవిపందులు దిగి, నాగలి పెట్టి దున్నినట్టు సాళ్ళకు సాళ్ళు పెళ్ళగిస్తున్నాయి. తాత దగ్గరున్న పాత విల్లును పురుగు తొలిచేసింది. మేము బండి దిగేసరికి మావయ్య అరుగు మీద నిలబడి, వీధంతా వినేలా కేకలేస్తున్నాడు.

"ఏరా ముసలోడా, ఇంకొక్కసారి చేలో పంది పడిందా, నీ పాక పీకించి ఇంకోణ్ణి పెట్టుకుంటా!"

చేను గట్టు మీది ఆ పాక తప్ప తాతకు తల దాచుకునే చోటు లేదని అందరికీ తెలుసు. ఆయన తలపాగా విప్పి చంకలో పెట్టుకుని, "శనారం సాయంత్రానికి విల్లు తయారయ్యిద్దయ్యా" అని మాత్రం అన్నాడు.

తర్వాతి అయిదు రోజులూ ఆ విల్లు తయారవడం చూశాను. అసహ్యం ఎంత ఉన్నా చూడకుండా ఉండలేకపోవడం నా స్వభావం. కావడిబద్దలకు వాడే తడ చెట్టు కర్ర అది. వేసవిలోనే కొట్టి పాక చూరులో ఆరబెట్టాడట. నిలబెడితే నా తల కంటే ఒక అడుగు పొడుగు. విల్లుకు కడుపు, వీపు అని రెండు పక్కలుంటాయి. వేటగాడి వైపు తిరిగి ఉండేది కడుపు, అవతలిది వీపు. తాత చెక్కింది విల్లు కడుపు పక్కనే, మొదట కత్తితో, తర్వాత పగిలిన లాంతరు గాజుపెంకుతో. నాలుగు గీతలు గీకడం, వంచి చూడడం, వంపు ఎక్కడ బిగుసుకుందో అక్కడ మళ్ళీ గీకడం. ఒక్కోసారి తీసే పొర తమలపాకంత మందం కూడా ఉండేది కాదు. వీపు పక్కన మాత్రం బెరడును బొటనవేలితో ఒలిచి వదిలేశాడు. అక్కడ కణుపులు, గుంటలు, ఎత్తుపల్లాలు అలాగే ఉండిపోయాయి.

ఇంతవరకూ నాకు ఇబ్బంది లేదు. వింటినారి పేనడం మొదలయ్యాక నాలుగడుగులు వెనక్కి జరిగాను. కిందటేడు కొట్టిన పంది కాళ్ళ నరాలు ఎండబెట్టి దాచాడు. వాటిని రాతితో నలగ్గొట్టి, పోగులుగా చీల్చి, ఒక్కొక్క పోగునూ నోట్లో వేసుకుని నమిలి మెత్తబరిచి, చొంగ కారుతుండగానే తొడ మీద పేనేవాడు. ఆ తర్వాత రేకు డబ్బా మూత తీశాడు. అందులో అదే పంది కొవ్వు, ఏడాది పాతది, పసుపుపచ్చగా, చీమలు తేలుతూ ఉంది. దాన్ని అరచేత్తో తీసి కర్రంతా రుద్దాడు. మక్కిన ఆ కంపు గొడ్లసావిడి దాటి వంటింటి దాకా వచ్చింది. "ఆ దరిద్రం ముట్టుకున్నావంటే గడప తొక్కనివ్వను" అని అమ్మమ్మ నన్ను హెచ్చరించింది. ఆ పందిని కొట్టింది కిందటి దసరా సెలవుల్లోనే, ఆ రోజు మా వాటా మాంసం అమ్మమ్మగారి పెరట్లోనే ఉడికింది. నేను వేళ్ళు నాక్కుంటూ తిన్నాను. ఆ రెండు సంగతులనూ అప్పుడు నేను కలిపి చూడలేదు.

శనివారం మధ్యాహ్నం తాత విల్లును ఎండకు ఆనించి పాకకు అన్నానికి వెళ్ళాడు. నేను చేసిన పనికి నా దగ్గర కారణాలున్నాయి. బడిలో చేతిపనుల్లో నాదే మొదటి స్థానం. గరుకుగా ఉన్నదేదీ పూర్తయినట్టు నాకు తోచేది కాదు. ముసలాయన ఓపిక చాలక వీపు పక్క వదిలేశాడనుకున్నాను. కుంకుడురసంతో కర్ర రెండుసార్లు కడిగి కంపు వదిలించాను. ఆయన గాజుపెంకే తీసుకుని, కణుపులన్నీ చదునయ్యే దాకా వీపును గీకాను. గుడ్డతో తుడిచి చూస్తే అది అద్దంలా మెరిసింది.

తాత తిరిగి వచ్చాక దాన్ని నేనే రెండు చేతులా అందించాను.

"ఎవరమ్మా దీన్ని సంపింది?" అన్నాడు.

"నేనే తాతా! నున్నగా చేశా. కంపు కూడా పోయింది, చూడు."

ఆయన కర్రను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వీపు మీద బొటనవేలు నడిపాడు. అప్పుడు ఆయన ముఖం మారింది. ముక్కుపుటాలు ముడుచుకుని, పై పెదవి ఎడమకు లేచి, కళ్ళు సగం మూతబడ్డాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. నారి పేనడం మొదలైనప్పటి నుంచీ ఆయన్ను చూసి నేను పెడుతున్న ముఖమే అది. పక్కకు తిరిగి ఉమ్మి, కర్రను నేల మీద పెట్టేశాడు.

"నాకు ముట్టుకోబుద్ధి గావట్లేదమ్మా దీన్ని."

పంది నరాలు నమిలిన మనిషికి నా చేతిపని అసహ్యమైంది.

తర్వాత ఆయన తిట్టలేదు. విల్లుకు నారి ఎక్కించి, దాని నడుమును గొడ్లు కట్టే గుంజకు బిగించాడు. నారికి పొడవాటి మోకు కట్టి, దాని రెండో కొస నా చేతికిచ్చి, పది బారల అవతల నిలబెట్టాడు. "మెల్లంగా లాగండి, అమ్మాయిగారూ. ఈపునే సూడండి." లాగాను. రెండు జానలు వంగేసరికి నేను చదును చేసిన చోట సన్నటి పేడు ఒకటి లేచింది. మరుక్షణం పెళ్ళున చప్పుడైంది. విల్లు పై సగం విరిగి, నా తల మీదుగా ఎగిరి గడ్డివాములో దిగబడింది.

ఆయన వెళ్ళి దాన్ని పీక్కొచ్చాడు. విరిగిన చోట ఈనెలు చూపించాడు. వంచినప్పుడు కడుపు నలుగుతుందని, వీపు సాగుతుందని, బెరడు కింది పొర కొస నుంచి కొస దాకా తెగకుండా ఉంటేనే ఆ సాగుడుకు నిలుస్తుందని తన మాటల్లో చెప్పాడు. తడి తగలకుండా ఆ పొరను కాచేది కొవ్వు. "సందేళ ఇది నా కంటి కాడ ఇరిగేది" అని, ముక్కను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

చూరులో ఇంకో కర్ర ఉంది కాని, దానికి మళ్ళీ అయిదు రోజుల పని. ఆ రాత్రే పందులు పడి పన్నెండు సాళ్ళు నాశనం చేశాయి. తెల్లవారి మావయ్య పాక పీకడానికి మనిషిని పిలిపించాడు. తాత నా పేరు బయటపెట్టలేదు, నా వైపు చూడనైనా చూడలేదు. నేను విరిగిన ముక్క పట్టుకుని అరుగు ఎక్కి, అంతా చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను.

మావయ్య పగలబడి నవ్వాడు. "ఓరినీ! మా మేనకోడలు విల్లుకు తలంటు పోసిందిరోయ్!" పిలిపించిన మనిషి కూడా నవ్వాడు. అమ్మమ్మ పరుగున వచ్చి, "ఛీ ఛీ, ఆ కొవ్వు ముట్టుకున్నావా? ముందు చేతులు కడుక్కో" అంది. పాక నిలిచింది. ఒక మనిషి కన్ను పోబోయిందన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ ఆనలేదు. వాళ్ళకు రోత పుట్టించింది నా చేతి వాసనే. తాత చేస్తే గూడు పోయే తప్పు, నేను చేస్తే వేళాకోళం. ఆ నవ్వు విన్నప్పుడు పుట్టినంత రోత నాకు కొవ్వు డబ్బా దగ్గర కూడా పుట్టలేదు. నేనూ ఆ ఇంటి పిల్లనే.

రెండో విల్లుకు కొవ్వు నా చేతనే రుద్దించాడు తాత. ఆ వాసన నాకు అలవాటు కాలేదు. ఈ పేరా రాస్తుంటే కూడా గొంతులోకి వస్తున్నది.

తర్వాత నేను ఇంజనీరింగ్ చదివి, వంతెనల తనిఖీలో జీవితమంతా గడిపాను. కొత్తగా రంగు పూసి, కాంట్రాక్టరు సగర్వంగా చూపించే దూలాల ముందు నిలబడినప్పుడు ఎన్నోసార్లు నా ముక్కుపుటాలు వాటంతటవే ముడుచుకునేవి, పై పెదవి ఎడమకు లేచేది. రంగు గీకితే దాని కింద లప్పం పెట్టి కప్పిన పగులు కనిపించిన రోజులున్నాయి, ఏమీ కనిపించని రోజులూ ఉన్నాయి. ఏదైనా సరే, గీకకుండా సంతకం పెట్టలేదు. నా కింద పనిచేసే కుర్రాళ్ళు ఆ ముఖాన్ని కనిపెట్టి, "మేడంగారికి వాసన తగిలిందిరా, గీకండి" అని నవ్వుకునేవాళ్ళు.

అది ఎవరి ముఖమో వాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు.